బంతాటకు బడి పెట్టిన అయ్యవారు రహీం

మైదుకూరు: బడిలో ఆటల పీరియడంటే మన పల్లెల్లో చాలామంది తల్లిదండ్రులకు చులకన. లెక్కలు చెప్పే అయ్యవారికి దక్కే మర్యాద డ్రిల్లు అయ్యవారికి దక్కదు. పిల్లవాడు సాయంత్రం దుమ్ము కొట్టుకొని ఇంటికొస్తే, చదువు చెడిపోతోందని ఇంట్లో వాళ్లు చీవాట్లు పెడతారు. కానీ బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి, పిల్లలకు పాఠం చెప్పిన పద్ధతిలోనే పెద్దలకు బంతాట నేర్పి, భారతదేశాన్ని రెండుసార్లు ఆసియా విజేతగా నిలిపిన మహనీయుడు ఒకరు మన తెలుగు నేలమీదే ఉండేవారు. ఆయనే హైదరాబాదుకు చెందిన జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం కన్నుమూసి ఆరు దశాబ్దాలు దాటింది. ఆయన జీవితం ఆధారంగా 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. దానితో ఆయన పేరు మళ్లీ కొంత వినబడింది. అయితే ఆయన గెలిచిన కప్పులకంటే, వాటిని గెలిపించిన తీరు తెలుసుకోదగినది. డబ్బుగానీ, పెద్ద మైదానాలుగానీ, విదేశాల్లో శిక్షణగానీ లేని కుర్రవాళ్లను తీసుకొని, వాళ్లలో ఏ లోపం ఉందో కనిపెట్టి, దానికి తగిన సాధన ఇచ్చి పైకి తేవడమే ఆయన చేసిన పని.

బడిపంతులు ఉద్యోగం

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అప్పటికి ఆ నగరం నైజాం ఏలుబడిలో ఉండేది. మన కడప జిల్లా కూడా ఒకప్పుడు నైజాందే. 1800లో ఆయన ఈ సీమను కుంఫిణీ వారికి ధారాదత్తం చేశాక మనం మద్రాసు వైపు పోయాం, హైదరాబాదు నైజాం కిందనే ఉండిపోయింది. అందువల్ల ఆనాడు హైదరాబాదు ఆటగాళ్ల ముచ్చట్లు మన ఊళ్లకు అంతగా చేరేవి కావు.

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి బి.ఎ. పట్టా పుచ్చుకున్నారు. చదువుకునే రోజుల్లోనే విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టులో మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. ఆపైన నగరంలోని క్లబ్బుల తరఫున కూడా ఆడారు. చదువు ముగిశాక ఉపాధ్యాయ వృత్తిలో చేరి కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు మొదలైన బడుల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా సంపాదించారు. అంటే ఒకవైపు తరగతి గదిలో పాఠం, మరోవైపు మైదానంలో ఆట, రెండూ ఆయనకు అలవాటే. ఈ రెండు అలవాట్లు కలిసినందువల్లనే రహీం శిక్షణ మిగతావారి శిక్షణకంటే వేరుగా ఉండేదని ఆయనను ఎరిగినవారు అంటుండేవారు.

1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి రహీం కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా, అంటే ఇరవై ఏళ్లపాటు, ఆ బాధ్యత మోశారు. సంఘం కార్యదర్శి అంటే సాధారణంగా పోటీల తేదీలు వేసి, సభల్లో కుర్చీలో కూర్చునే మనిషి. రహీం అలా కాలేదు. ఏ వీధిలో ఏ కుర్రవాడు బాగా ఆడుతున్నాడో తిరిగి చూసేవారు. పనికివచ్చే వాడనిపిస్తే తీసుకొచ్చి సానపట్టేవారు.

ఎడమకాలికీ పాఠమే

ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడేవారిలో రెండు లోపాలు ఎక్కువగా కనబడేవి. మొదటిది, చాలామంది ఒక్క కాలితోనే బంతిని తన్నగలిగేవారు. కుడికాలు వాటం ఉన్నవాడికి బంతి ఎడమవైపు వస్తే, తిరిగి సర్దుకొనేలోపు ఎదుటివాడు లాక్కుపోయేవాడు. రెండోది, బంతి చిక్కితే దాన్ని వదలకపోవడం. ఒక్కడే నలుగురిని తప్పించుకొని పోతే జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్ల కోసం పక్కనున్న తనవాడికి బంతి ఇవ్వకుండా పోగొట్టుకునేవారు.

ఈ లోపాలు పోగొట్టడానికి రహీం పోటీల నిబంధనలనే మార్చారు. వాటం లేని కాలితో మాత్రమే బంతిని తన్నాలనే నియమంతో కుర్రవాళ్లకు పోటీలు పెట్టారు. బంతిని కాలిదగ్గరే పెట్టుకొని దొర్లించుకుంటూ పోరాదని, అందిన వెంటనే జోడు ఆటగాడికి అందించాలని మరో రకం పోటీలు జరిపించారు. మొదట్లో ఈ ఆటలు చూడటానికి వింతగా ఉండేవి. కానీ కొన్నేళ్లలో ఫలితం కనబడింది. హైదరాబాదు కుర్రవాడికి బంతి ఏ పక్కనుంచి వచ్చినా తడబాటు లేకుండా పోయింది. ఒకరి నుంచి ఒకరికి, నేలబారున, చకచకా బంతి అందించుకుంటూ ముందుకు పోవడం హైదరాబాదు జట్టుకు గుర్తుగా మారింది.

సేద్యం తెలిసిన మనవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వలపట ఎద్దు ఎంత బలమైనదైనా, దాపట ఎద్దు సరిగా లాగకుంటే మడక తిన్నగా సాగదు. కాడి కట్టేముందు బలహీనమైన ఎద్దును మేపి దారికి తెస్తాం. రహీం తన ఆటగాళ్ల కాళ్ల విషయంలో చేసిందీ అదే.

పోలీసు జట్టు ప్రభంజనం

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ రహీం చేతికి వచ్చింది. ఆ జట్టులో ఆడేవారిలో చాలామంది పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాలవారు. పోలీసు శాఖలో చేరితే నెల జీతం వస్తుంది, ఆటా సాగుతుంది. కడుపు నిండితేనే కాలు ఆడుతుంది గనుక, ఆటగాడికి ఉద్యోగం చూపించిన జట్టు నిలబడింది.

ఆ తర్వాత జరిగింది భారత ఫుట్‌బాల్ చరిత్రలో నిలిచిపోయింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ రోజుల్లో దేశంలోని గొప్ప పోటీల్లో ఒకటిగా లెక్కించేవారు. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు ఆ కప్పు హైదరాబాదు సిటీ పోలీసులదే. కలకత్తా, బొంబాయి నగరాల పెద్ద జట్లు ఎంత ప్రయత్నించినా వారిని ఆపలేకపోయాయి. 1957లో మరోసారి అదే కప్పు వారికి వచ్చింది. 1950లో డ్యూరాండ్ కప్పు పోటీల్లో కలకత్తా మోహన్ బగాన్ వంటి పేరుమోసిన జట్టును తుదిపోరులో ఓడించి గెలిచారు. 1954లోనూ, 1957లోనూ డ్యూరాండ్ కప్పు మళ్లీ హైదరాబాదుకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా పేరు మార్చుకొని 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్ గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ, 1957-58లోనూ వరుసగా రెండేళ్లు హైదరాబాదు జట్టు గెలుచుకుంది.

ఒకటి రెండుసార్లు గెలిస్తే అదృష్టమనుకోవచ్చు. ఇన్నేళ్లు వరుసగా గెలవడం సాధనతోనే సాధ్యం. ఆటగాళ్లు మారుతున్నా జట్టు ఆట మారలేదు. ఒకడు తప్పుకుంటే అతని చోటికి వచ్చినవాడు కూడా అదే బడిలో చదువుకున్నవాడే కావడం అందుకు కారణం.

ఢిల్లీలో గెలుపు, హెల్సింకీలో పరాభవం

1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. భారత ఫుట్‌బాల్ జట్టుకు రహీం శిక్షకుడు, శైలేన్ మన్నా నాయకుడు. ఇండోనేషియాను 3-0తోనూ, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0తోనూ మనవాళ్లు ఓడించారు. తుదిపోరులో ఇరాన్‌పై మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోలుతో 1-0గా గెలిచి బంగారు పతకం అందుకున్నారు.

కానీ మరుసటి ఏడాదే చేదు అనుభవం ఎదురైంది. 1952 ఒలింపిక్స్ ఫిన్లాండ్ దేశపు రాజధాని హెల్సింకీలో జరిగాయి. అది చలి దేశం. మన జట్టులో పలువురికి ఉత్త కాళ్లతో ఆడటమే అలవాటు. కోసేసిన చేలల్లో, ఎండిన చెరువుల్లో ఉత్త కాళ్లతో ఆడుకునే మన పిల్లలకు ఆ అలవాటు ఎటువంటిదో తెలుసు. ఎండ కాసే నేలమీద అది చెల్లుతుంది. చల్లని, తడిసిన పచ్చికమీద, బూట్లు వేసుకున్న బలిష్ఠులైన యుగోస్లావియా ఆటగాళ్ల ముందు అది చెల్లలేదు. భారత్ 10-1 తేడాతో ఓడిపోయింది.

ఆ ఓటమి తర్వాత దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేసింది. ఉత్త కాళ్ల ఆట గురించి గొప్పగా చెప్పుకునే కాలం దానితో ముగిసింది. రహీం ఆ పరాభవాన్ని సాకులతో కప్పిపుచ్చలేదు. బూట్లే కాదు, మైదానంలో మనుషులను నిలబెట్టే పద్ధతి కూడా పాతబడిపోయిందని గ్రహించారు. అప్పట్లో యూరపులో హంగరీ జట్టు కొత్త తరహా ఆటతో పెద్ద పెద్ద జట్లను ఓడిస్తోంది. 1953లో ఇంగ్లండును దాని సొంతగడ్డమీదనే 6-3తో మట్టికరిపించింది. ఆ ఆటలోని కిటుకును రహీం మన జట్టుకు అలవాటు చేశారు.

కిటుకు ఇది. ముందు వరుసలో నడుమ ఉండే ఆటగాణ్ణి ఎదుటి జట్టు కాపలాదారుడు ఎప్పుడూ అంటిపెట్టుకొని ఉంటాడు. ఆ నడిమి ఆటగాణ్ణి కొంచెం వెనక్కి దింపితే కాపలాదారుడు ఇరకాటంలో పడతాడు. అతని వెంట ముందుకు వస్తే వెనుక గోలు దగ్గర ఖాళీ ఏర్పడుతుంది. వెంట రాకపోతే మన ఆటగాడికి బంతిని తీరికగా అందించే వీలు దొరుకుతుంది. ఎటు చేసినా మనకే లాభం. అయితే ఇది సాగాలంటే అందరూ బంతిని వెంటవెంటనే అందించుకోవాలి. హైదరాబాదులో రహీం ఏళ్ల తరబడి నేర్పింది అదే గనుక, ఈ పద్ధతి అక్కడి కుర్రవాళ్లకు తొందరగా పట్టుబడింది. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలిచే పద్ధతి 1958 ప్రపంచ కప్పును బ్రెజిల్ గెలిచాక లోకమంతా ప్రసిద్ధికెక్కింది. రహీం అంతకుముందే దాన్ని తమతో సాధన చేయించారని ఆయన శిష్యులు గర్వంగా చెప్పుకొనేవారు.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. కడప, కర్నూలు, హైదరాబాదు ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. అదే నెల 22న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒలింపిక్ క్రీడలు మొదలయ్యాయి. బెంగాల్‌కు చెందిన సమర్ బెనర్జీ నాయకుడిగా వెళ్లిన భారత జట్టులో హైదరాబాదు ఆటగాళ్లు గణనీయంగా ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం వారిలో కొందరు. బలరాం సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టినవాడు. ఇరవై ఏళ్లు నిండీ నిండని ప్రాయంలోనే రహీం కంటబడి, దేశం తరఫున సముద్రాలు దాటి వెళ్లాడు.

మొదటి ఆటలో తలపడవలసిన హంగరీ పోటీల నుంచి తప్పుకొంది. డిసెంబరు 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాతో ఆట జరిగింది. సొంతగడ్డమీద తమదే గెలుపని ఆస్ట్రేలియా వారు ధీమాగా ఉన్నారు. కానీ నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టగా భారత్ 4-2 తేడాతో గెలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్లు కొట్టిన మొదటి ఆసియావాసి నెవిల్ డిసౌజా. వెనక్కి దిగిన నడిమి ఆటగాడు, ముందు ఏర్పడిన ఖాళీలు, రెండు కాళ్లతో అందే బంతులు, ఇవన్నీ కలిసి పనిచేసిన రోజది.

సెమీఫైనల్‌లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. నాలుగేళ్ల కిందట 10-1తో ఓడించిన జట్టుమీద ఈసారి మొదటి గోలు భారతే కొట్టింది. చివరికి 4-1తో ఓడినా, కొంతసేపు ముందంజలో నిలవడం ఆనాటికి చిన్న విషయం కాదు. కంచు పతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి, భారత్ నాలుగో స్థానంతో తిరిగివచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఈనాటికీ అదే అత్యుత్తమ స్థానం.

1960 రోమ్ ఒలింపిక్స్‌కు కూడా రహీం జట్టును తీసుకువెళ్లారు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఆ జట్టులో ఎంపికయ్యారు. హంగరీతో 2-1 తేడాతో ఓడారు. ఆ హంగరీయే చివరికి కంచు పతకం గెలిచింది. ఫ్రాన్సుతో 1-1గా సమంగా నిలిచారు. పెరూ చేతిలో 3-1తో ఓడారు. ముందంజ వేయలేకపోయినా, యూరపు జట్లతో ఢీ అంటే ఢీ అనగలిగిన ఆ జట్టే రెండేళ్ల తర్వాత జకార్తాకు పునాది అయింది.

జకార్తాలో కడపటి పాఠం

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం ఊపిరితిత్తుల కేన్సరుతో బాధపడుతున్నారు. సిగరెట్లు విపరీతంగా కాల్చే అలవాటు ఆయనకు ఉండేది. ఒంట్లో సత్తువ తగ్గిపోతున్నా శిక్షణ శిబిరం విడిచిపెట్టలేదు.

జట్టుకు చునీ గోస్వామి నాయకుడు. బెంగాల్, పంజాబు, ఆంధ్ర, కేరళ, గోవా, ఇట్లా నలుమూలల నుంచి వచ్చిన కుర్రవాళ్లు. భాషలు వేరు, తిండి వేరు, మతాలు వేరు. వాళ్లను ఒక్క జట్టుగా కలపడంలోనే రహీం నేర్పు కనబడింది. ముందు వరుసలో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం ముగ్గురూ పేరున్నవారే. ఒకరిపై ఒకరికి పోటీ రాకుండా, ముగ్గురినీ ఒకరి కోసం ఒకరు ఆడేట్టు చేయడం తేలిక కాదు. ఆ పని ఆయన చేసి చూపించారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. జట్టు కుంగిపోలేదు. థాయిలాండును 4-1తో, జపానును 2-0తో ఓడించి సెమీఫైనల్‌కు చేరారు. అయితే థాయిలాండుతో ఆటలో వెనుక వరుసకు వెన్నెముక వంటి జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. కుట్లున్న తలతో వెనుక నిలబడి ఎత్తుగా వచ్చే బంతులను అడ్డుకోవడం ప్రమాదం. అతణ్ణి పక్కన కూర్చోబెడతారని అందరూ అనుకున్నారు. కానీ జర్నైల్ సింగ్ కాలేజీ రోజుల్లో ముందు వరుసలో ఆడేవాడన్న సంగతి రహీంకు తెలుసు. అతణ్ణి ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనల్‌లో జర్నైల్ గోలు కొట్టాడు. భారత్ 3-2 తేడాతో గెలిచింది. తన శిష్యుడి పాత చదువు గురించి కూడా తెలుసుకొని ఉంచుకున్న అయ్యవారే అటువంటి నిర్ణయం చేయగలరు.

తుదిపోరు సెప్టెంబరు 4న. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. ఆటకంటే బయటి పరిస్థితే ఎక్కువ భయపెట్టింది. ఇజ్రాయిల్, తైవాన్ జట్లకు ఇండోనేషియా ప్రవేశం ఇవ్వలేదు. ఆ కారణంగా ఈ పోటీలకు ఆసియా క్రీడలనే పేరు ఉండరాదని భారతదేశ ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దానితో అక్కడి జనం మండిపడ్డారు. తుదిపోరుకు ముందురోజు భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. మైదానంలో లక్షమంది దాకా జనం, దాదాపు అందరూ మనవాళ్లను హేళన చేస్తూ కేకలు వేసేవారే. ఆ జనంలో భారత్‌కు జేజేలు పలికినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని మన ఆటగాళ్లు తర్వాత చెప్పుకొన్నారు.

ముందటి రాత్రి రహీం తన కుర్రవాళ్లను పిలిచి, తనకు వాళ్లు ఇవ్వవలసిన కానుక ఒక్కటేనని, అది రేపటి బంగారు పతకమని చెప్పి కంటతడి పెట్టారట. తమ అయ్యవారి ఆరోగ్యం ఎలా ఉందో వాళ్లు కళ్లారా చూస్తూనే ఉన్నారు. ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది.

జ్వరం నుంచి అప్పుడే కోలుకున్న తంగరాజ్‌ను గోలు కాపలాకు నిలిపారు. కొరియా వారు ఎత్తు బంతులు ఎక్కువగా ఆడతారు, తంగరాజ్ పొడగరి. ఆట మొదలైన 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోలు కొట్టాడు. మూడు నిమిషాల తర్వాత, కుట్లున్న తలతో ఆడుతున్న జర్నైల్ సింగ్ రెండో గోలు కొట్టాడు. జనం కేకలు సన్నగిల్లాయి. చివరలో కొరియా ఒక గోలు తిరిగి కొట్టినా, 2-1తో భారత్ గెలిచింది. మొదటి ఆటలో తమను ఓడించిన జట్టునే తుదిపోరులో ఓడించి బంగారు పతకం తెచ్చారు.

ఆయన తర్వాత

జకార్తా నుంచి తిరిగివచ్చాక రహీం ఎంతోకాలం బతకలేదు. 1963 జూన్ 11న 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన శిష్యుల్లో పి.కె. బెనర్జీకి 1961లో, బలరాంకు 1962లో, చునీ గోస్వామికి 1963లో, జర్నైల్ సింగ్‌కు 1964లో, యూసుఫ్ ఖాన్‌కు 1966లో, తంగరాజ్‌కు 1967లో అర్జున అవార్డులు వచ్చాయి. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. అంటే గురువుకు తగిన బిరుదు ఆయన పోయిన 22 ఏళ్లకు పుట్టింది. కుమారుడు హకీం వైమానిక దళంలో పనిచేసి, అంతర్జాతీయ రెఫరీగా పేరు తెచ్చుకొని, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకొని, 2021లో మరణించారు. బలరాం 2023లో కన్నుమూశారు.

రహీం వేసిన బాట కొంతకాలం నడిపించింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో భారత్‌కు కంచు పతకం దక్కింది. ఆ తర్వాత ఆట దిగజారుతూ వచ్చింది. 1962 తర్వాత జరిగిన ఏ ఆసియా క్రీడల్లోనూ, 2023లో చైనాలో జరిగినవాటితో సహా, ఫుట్‌బాల్‌లో మనకు బంగారు పతకం రాలేదు.

కారణాలు వెతికితే అనేకం కనబడతాయి. మంచి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు తీసుకుపోయాయి. బలరాం కూడా 1957లోనే ఈస్ట్ బెంగాల్ జట్టుకు వెళ్లారు. కుర్రవాళ్ల చూపు క్రికెట్ వైపు మళ్లింది. కానీ అసలు కారణం వేరుగా తోస్తుంది. సంఘం కార్యదర్శి, పోలీసు జట్టు శిక్షకుడు, వీధుల్లో తిరిగి కుర్రవాళ్లను వెతికే పెద్దమనిషి, ముగ్గురి పనీ రహీం ఒక్కరే చేశారు. ఆయన పోయాక ఆ మూడు పనులూ మూడు దారులయ్యాయి. ఎడమకాలి పోటీలు పెట్టేవారు లేకపోయారు. పైనుంచి కప్పులు రాలేదని అందరూ బాధపడ్డారు గానీ, కింద బడి మూతపడిన సంగతి ఆలస్యంగా తెలిసింది. బావిలో ఊట ఎండిపోయాక మోటారు మార్చి ప్రయోజనం ఉండదు.

మన పల్లెలకు మిగిలిన మాట

కడప, ప్రొద్దుటూరు, బద్వేలు, ఆళ్లగడ్డ దారులు కలిసే ఈ మైదుకూరు కూడలి నుంచి చూస్తే, ఒలింపిక్స్, ఆసియా క్రీడలు ఎక్కడో దూరాన ఉన్నట్టు కనిపిస్తాయి. అమ్ముగూడ కుర్రవాడికి కూడా మెల్‌బోర్న్ దూరమే. మధ్యలో ఒక అయ్యవారు నిలబడినందువల్ల ఆ దూరం తగ్గింది.

రహీం చేసినవాటిలో డబ్బుతో పని లేనివే ఎక్కువ. వాటం లేని కాలితో ఆడించడానికి ఖర్చేమీ లేదు. బంతి జోడువాడికి అందించనివాణ్ణి ఆపి చెప్పడానికి ఖర్చేమీ లేదు. ఓడిన తర్వాత ఎందుకు ఓడామో పిల్లలతో కూర్చొని మాట్లాడటానికి, ఏ పిల్లవాడు మునుపు ఏం ఆడేవాడో గుర్తుంచుకోవడానికి ఖర్చేమీ లేదు. కావలసింది ఓపిక, ఏళ్ల తరబడి విడవకుండా చేసే పట్టుదల. కబడ్డీ అయినా, వాలీబాల్ అయినా, బాస్కెట్‌బాల్ అయినా ఇదే వర్తిస్తుంది. బడిలో ఆటల పీరియడును లెక్కలకో, సైన్సుకో ఇచ్చివేసే ముందు పెద్దలు ఈ అయ్యవారిని ఒకసారి తలచుకోవడం మంచిది. తెలివిగల పిల్లవాణ్ణి కనిపెట్టే లెక్కల అయ్యవారు ఊరికి ఎంత అవసరమో, వాటమైన కాలుగల పిల్లవాణ్ణి కనిపెట్టే డ్రిల్లు అయ్యవారూ అంతే అవసరం.

భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగమని చెప్పుకునే ఆ పన్నెండేళ్లకు మూలపురుషుడు ఒక బడిపంతులు. ఆయన కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో మొదలుపెట్టిన పాఠం జకార్తాలో లక్షమంది ముందు పూర్తయింది. ఆ పాఠాన్ని తిరిగి చెప్పే అయ్యవారి కోసం మన బడుల మైదానాలు ఎదురుచూస్తున్నాయి.